పచ్చదీపం వెలిగితే పెట్రోలు మిగిలినట్టేనా?

“మా కారు సగం దూరం కరెంటు మీదే పోతోందండీ, ఇంజను చప్పుడే వినబడదు” అని కొత్తగా హైబ్రిడ్ కారు కొన్న పొరుగింటావిడ మురిసిపోతుంటే విని, మీవారు కూడా షోరూముల చుట్టూ తిరుగుతున్నారా? లేక ఇప్పటికే కొనేసి, నెలాఖరున పెట్రోలు బిల్లులు చూసి “వాళ్ళు చెప్పిన మైలేజీ ఏదండీ?” అని మీరే నిలదీస్తున్నారా? ఏదైనా సరే, ఆ కారు లోపల జరిగే సంగతి మనకి కాస్త తెలిసి ఉండాలి. మామూలు కారుకంటే దానికి ఎక్కువ పోసే లక్షలు మన పొదుపులోంచి వెళ్ళేవే కదా!

2022లో మన దేశంలోకి వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్ కార్లకి ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసే ఏర్పాటు లేదు. మరి కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది? మీరు పోయించిన పెట్రోలులోంచే! ఇంజను తిరిగేటప్పుడు కొంత శక్తి బ్యాటరీలో చేరుతుంది. ఇక బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో వేడిగా మారి గాలిలో కలిసిపోయే శక్తిని, ఇందులో మోటారే జనరేటరులా పనిచేసి కొంతవరకు పట్టి దాచిపెడుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా కరివేపాకు మొక్కకి పోస్తామే, అలాగన్నమాట. దీనికి తోడు సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోతుంది. అసలు పొదుపంతా ఈ రెండింట్లోనూ, ఇంజనుని దానికి అనువైన వేగంలో తిప్పడంలోనూ ఉంది.

ఆ బ్యాటరీ ఎంత పెద్దదనుకున్నారు? హైరైడర్‌లో ఉన్నది 0.76 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. మన కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్టు! వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ముప్పావుగంట వాడితే అయిపోయేంత. అందులోనూ బ్యాటరీ పాడవకుండా కారు దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు. అందుకే ‘ఇ.వి.’ అనే పచ్చదీపం వెలిగిన కాసేపటికే ఇంజను మళ్ళీ అందుకుంటుంది. అది రిపేరు కాదు, కంగారు పడకండి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నా, యాక్సిలరేటరు గట్టిగా తొక్కినా, బ్యాటరీ తగ్గినా ‘ఇ.వి.’ మీట నొక్కితే కారు మాట వినదు.

ఇక్కడే చాలామంది పొరబడేది. పచ్చదీపం ఆరిపోకూడదని నత్తనడకన పోనిస్తారు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా సరే! తీరా ఖాళీ అయిన బ్యాటరీని నింపడానికి ఇంజను పెట్రోలు తాగుతుంది. పెట్రోలుని కరెంటుగా మార్చి, దాచి, మళ్ళీ మోటారుకిచ్చేసరికి మధ్యలో కొంత పోతుంది. చీటికిమాటికి ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి ఒంపితే నూనె తరిగిపోదూ? కాబట్టి బయలుదేరేటప్పుడు మామూలుగానే వేగం అందుకోండి. ఎర్రలైటు దూరంగా కనబడగానే యాక్సిలరేటరు వదిలేసి, బ్రేకు మెత్తగా నొక్కుతూ రండి. చివరి నిమిషంలో గట్టిగా తొక్కితే బ్రేకు దిమ్మలే పని చేస్తాయి, మోటారు పట్టుకోవాల్సినంతా పట్టుకోలేదు. సిగ్నల్ దగ్గర గేరు ‘ఎన్’లో పెట్టే అలవాటు కూడా మానుకోండి. టయోటా పద్ధతి హైబ్రిడ్లలో ‘ఎన్’లో ఉండగా బ్యాటరీ చార్జి కాదు.

కూరగాయలకి ఒకసారి, టైలరు దగ్గరికి ఒకసారి, పిల్లవాణ్ణి ట్యూషన్ నుంచి తేవడానికి ఇంకోసారి కారు తీస్తున్నారా? ప్రతిసారీ ఇంజను వేడెక్కడానికే పెట్రోలు ఖర్చవుతుంది. అన్నీ ఒకే తిరుగుడులో చూసుకుంటే మైలేజీలో తేడా మీకే తెలుస్తుంది. బడి ముందు ఏసీ వేసుకుని కూర్చున్నా అంతే. ఏసీ నడిచేది బ్యాటరీ మీదే అయినా, ఆ బ్యాటరీకి ఇంజనే దిక్కు.

తిరుమల ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఇంజను ఉన్నట్టుండి హోరెత్తితే భయపడకండి. పల్లంలో బ్యాటరీ నిండిపోయాక, కారుని నిదానింపజేయడానికి అది ఇంజనుని ఊరికే తిప్పుతుంది. అప్పుడు పెట్రోలు ఖర్చు కాదు. అసలు భయపడాల్సింది చప్పుడు లేనప్పుడు! ‘రెడీ’ దీపం వెలుగుతుంటే కారు ఆన్‌లో ఉన్నట్టే. మూసిన గ్యారేజీలో అలా వదిలేస్తే ఇంజను తనంతట తనే మొదలై విషవాయువు నిండుతుంది. పిల్లల్ని అందులో ఒంటరిగా వదలనే కూడదు.

మైలేజీ మాటకొద్దాం. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పింది లీటరుకి 27.97 కిలోమీటర్లు. అది ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఏసీ వేయకుండా తీసిన లెక్క. మన రోడ్లమీద, మన ఎండల్లో, నలుగురు ఎక్కి సామాను పెడితే అంత ఆశించకూడదు. ఇంకో విచిత్రం చూడండి. మామూలు కారు ఊళ్ళో తక్కువ, హైవే మీద ఎక్కువ మైలేజీ ఇస్తుంది. హైబ్రిడ్ గొప్పంతా ఊళ్ళో ట్రాఫిక్‌లోనే. విజయవాడ హైవే మీద వందకి తగ్గకుండా పోతే బ్రేకు వేసేదెక్కడ, శక్తి మిగిలేదెక్కడ?

తెర మీద చూపే అంకెని నమ్మడం కన్నా మన పద్ధతే మేలు. ట్యాంకు నిండా పోయించి కిలోమీటర్లు రాసుకోండి. మళ్ళీ అదే బంకులో నిండా పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. 630 కిలోమీటర్లకి 30 లీటర్లు పడితే 21 వచ్చినట్టు. మూడు నాలుగు ట్యాంకుల సగటు చూస్తేగాని నిజం తేలదు.

ఇక రూపాయల లెక్క. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇల్లనుకుందాం. 15 ఇచ్చే మామూలు కారుకి దాదాపు 67 లీటర్లు, 21 ఇచ్చే హైబ్రిడ్‌కి 48 లీటర్లు. అంటే నెలకి 19 లీటర్లు ఆదా. లీటరు వంద రూపాయలు వేసుకున్నా 1,900 రూపాయలు. ఏడాదికి 22,800. హైబ్రిడ్‌కి రెండు లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, అది తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు దగ్గర పడుతుంది! రోజూ ట్రాఫిక్‌లో యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి ఆరేళ్ళు. గుడికీ, పెళ్ళిళ్ళకీ తప్ప కారు తీయని, నెలకి ఐదువందలు దాటని ఇంటికైతే పదిహేడేళ్ళు పైమాటే. మీవారు షోరూముకి వెళ్ళేముందు, ఇప్పుడున్న కారు నెలకి ఎంత తిరుగుతోందో చూసి ఆ అంకె ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టండి.