సంఘం డబ్బు

1992లో నెల్లూరు జిల్లా అక్కచెల్లెళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ తర్వాత రోజుకు ఒక్క రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. అవే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు.

రూపాయి చిన్నదే. కానీ లెక్క చూడండి. రోజుకు రూపాయి చొప్పున పదిహేను మంది దాస్తే నెలకు 450 రూపాయలు. ఏడాదికి 5,400 రూపాయలు. మరి ఈ డబ్బు ఎలా వాడాలి?

ఒకే నెలలో ఇద్దరు అప్పు అడిగారనుకుందాం. ఒకరికి బిడ్డ వైద్యానికి కావాలి. ఇంకొకరికి పండగ చీరలకు కావాలి. ముందు ఎవరికి ఇవ్వాలి? నాయకురాలి చుట్టమా అని చూడకూడదు. అవసరం చూడాలి. అందరూ కూర్చుని తేల్చాలి. చీరలు ఆగుతాయి, జ్వరం ఆగదు.

వెయ్యి రూపాయల అప్పుకు షావుకారు నూటికి అయిదు వడ్డీ వేస్తే నెలకు 50 రూపాయలు. అది ఆయన పెట్టెలోకి పోతుంది. సంఘం నూటికి రెండు తీసుకుంటే 20 రూపాయలే. అదీ సంఘంలోకే వస్తుంది. అంటే అందరిదీ.

ఉన్నదంతా అప్పులకే ఇవ్వకూడదు. ఆపదకు కొంత ఉంచాలి. అది బ్యాంకులో సంఘం పేరున ఉండాలి, ఒకరి ఇంట్లో కాదు.

ప్రతి పైసా పుస్తకంలో రాయాలి. సమావేశంలో చదివి వినిపించాలి. వేలిముద్ర వేసిన రోజుల్లో ఎదుటివాళ్లు చెప్పిందే లెక్క. ఇప్పుడు చదువు వచ్చింది. ముందు అంకెలు చదవాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.