మావయ్య జాడీలో ద్రాక్షారిష్టం

మందుల షాపులో ద్రాక్షారిష్టం సీసా కొంటే దాని మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, తనంతట తాను పుట్టిన ఆల్కహాలు 12 శాతం మించదని. చాలామంది చదవరు. ఆలమూరులో వైద్యం చేసే మా మావయ్య మాత్రం అసలు సంగతంతా అక్కడే ఉందంటాడు. అందుకే వాళ్ళ నాన్నగారితో మూలపడ్డ జాడీలను మళ్ళీ కిందికి దించాడు.

ఇటలీలోని టురిన్‌లో 1786లో కార్పానో అనే ఆయన అమ్మిన వెర్మూత్ ప్రపంచానికి తెలుసు. మూలికలు వేసిన ద్రాక్ష వైన్‌కి పైనుంచి స్పిరిట్ కలిపి చేసేదే వెర్మూత్. ఆ మూలికల్లో ముఖ్యమైనది మన మాచిపత్రికి దాయాది. మన అరిష్టానికి పైనుంచి చుక్క పొయ్యక్కర్లేదు.

ఎండుద్రాక్షను నీళ్ళలో మరిగించి నాలుగో వంతుకి దించుతారు. చల్లారాక బెల్లం, దాల్చినచెక్క, ఏలకులు, పిప్పళ్ళు, చివర్లో తూర్పు కనుమల్లో ఎర్రగా పూసే ధాతకి పువ్వులు. పులియబెట్టే ఈస్ట్ ఆ పువ్వుల్లోనే ఉంటుంది. జాడీ మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తుతారు. వేడి నిలకడగా ఉండాలని వెనకటికి ధాన్యపు రాశిలో పాతేవారట.

నెల గడిచాక మావయ్య మూత తీసి, వెలిగించిన అగ్గిపుల్ల లోపల పెట్టాడు. ఠక్కున ఆరిపోయింది.

"ఇంకా గ్యాసు వస్తోందిరా. మూసెయ్."

తొందరపడితే అది అరిష్టం కాదు, మసాలా పానకం.

బెల్లం దండిగా పడుతుంది కనుక షుగరున్నవాళ్ళు, ఆల్కహాలు ఉంటుంది కనుక గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోవద్దు.