పరిశోధన వంటయింటికి వచ్చిన విధము

విశ్వవిద్యాలయములలో పండితులు చేయు పరిశోధనలతో గృహిణులకేమి పనియని మన సోదరీమణులలో ననేకులు తలంచుచుందురు. పండితులలోగూడ ననేకులట్లే తలంతురు. ఒక సత్యమును కనుగొని, దానిని తమ పత్రికలలో ప్రకటించి, తోడిపండితుల మెప్పు వడసినతోడనే పని ముగిసినదని వారి భావము. బ్రిటనుదేశమునందు 2014వ సంవత్సరమునుండి విశ్వవిద్యాలయముల పరిశోధనను తూచునప్పుడు, అది లోకమునకేమి మేలు చేసినదో చూచి దానికిని మార్కులు వేయుచున్నారు. మార్కులకొఱకైనను ఈ చింత కలుగుట మంచిదే. కాని శాస్త్రజ్ఞుని కాగితమునకును చంటిబిడ్డ నోటికిని నడుమగల దూరమును దాటించువారెవరు? ఈ విషయమున వంగదేశమునందు జరిగిన కథయొకటి సోదరీమణులెల్లరు తెలిసికొనదగియున్నది.

కలరాచేతను, అతిసారముచేతను బిడ్డలు మరణించుటకు ముఖ్యకారణము దేహములోని నీరును లవణములును తరలిపోవుటయే. పోయినదానిని మరల నింపినచో బిడ్డ బ్రతుకును. రోగసమయమున ప్రేగులు ఉప్పునీటిని చక్కగా పీల్చుకొనజాలవు; కాని దానికి గ్లూకోజు తోడైనచో రెండును చేయిచేయి పట్టుకొన్నట్లు లోనికి పోవును, వానివెంట నీరును పోవును. కలరాలోగూడ ఈ ద్వారము మూతపడదు. 1968లో ఢాకానగరపు కలరా పరిశోధనాలయమునందు డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను యువవైద్యులు రోగులకు ఈ ద్రవమును నోటిద్వారా త్రాగించి, నరములకెక్కించు సెలైను అవసరమును మిక్కిలి తగ్గించి చూపిరి. వ్యాసము ప్రకటితమయ్యెను. అయినను పెద్దవైద్యులలో ననేకులు నమ్మలేదు. ఉప్పు, చక్కెర, నీరు! ఇంత చౌకయైనది మందెట్లగునని కాబోలు.

1971లో తూర్పువంగమున యుద్ధము రేగి, లక్షలకొలది కాందిశీకులు సరిహద్దు దాటి బనగావ్ చేరిరి. అచ్చట కలరా చెలరేగెను. కలకత్తాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధనాకేంద్రమునకు చెందిన డాక్టరు దిలీప్ మహలనవీస్ పోయిచూడగా, రోగులు నేలమీదనే పడియుండిరి. సెలైను సీసాలు తఱిగిపోవుచుండెను. ఆయన ఉప్పును, వంటసోడాను, గ్లూకోజును తూచి సంచులలో కట్టించి తెప్పించి, పీపాలలో నీటితో కలిపించెను. దాదులు చాలనందున తల్లులును, తోబుట్టువులును గిన్నెలతో పట్టుకొని రోగులకు త్రాగించిరి. నూటికి ముప్పదివఱకు నుండిన మరణములు నాలుగింటికి లోబడెను. ఆయన 2022లో కాలధర్మము నొందగా, మఱుసటియేడు భారతప్రభుత్వము పద్మవిభూషణ బిరుదమిచ్చినది.

ఇంతవఱకు వైద్యుల కథ. మాకు ముఖ్యమని తోచునది దీని తరువాతిది. శిబిరములో వైద్యుడున్నాడు, పల్లెలో నెవరున్నారు? బంగ్లాదేశమున ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ అను సంఘము 1980లో ఈ పనికి పూనుకొనెను. గ్లూకోజు పల్లెయందు దొరకదు, బెల్లము దొరకును. కావున మూడువ్రేళ్లతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు అని కొలత నిర్ణయించిరి. గ్రామస్త్రీలకు శిక్షణమిచ్చి ఇంటింటికి పంపిరి. ఆమె వచ్చి ఉపన్యాసమిచ్చి పోవుట కాదు. ఆ యింటి పాత్రలోనే అరసేరు నీరెంతవఱకు వచ్చునో గుర్తు పెట్టి, తల్లిచేతనే కలిపించి, రుచి చూపించి, మఱచిపోకుండ మరల చెప్పించుకొనవలెను.

ఒక మాసమైన పిదప పరీక్షకులు కొన్ని యిండ్లకు పోయి తల్లులనడిగి, వారెంత జ్ఞాపకముంచుకొన్నారో దానినిబట్టి ఆ బోధకురాలికి జీతమిచ్చుచుండిరి. పాఠము చెప్పినందుకు కాక, పాఠము వచ్చినందుకు జీతమన్నమాట! ఈ పద్ధతి బడిపంతుళ్లకు వచ్చినచో మా యింట పొయ్యి నెలకెన్నిదినములు వెలుగునో చెప్పజాలము.

అయినను చిక్కు తీరలేదు. తల్లులు చక్కగా అప్పగించుచుండిరి. బిడ్డకు విరేచనములైనప్పుడు మాత్రము కలుపుట లేదు. విచారింపగా బోధించువారికే దానియందు విశ్వాసము చాలదని తేలినది. అప్పుడు వారికి ఈ ద్రవమెట్లు పనిచేయునో విశదముగా తెలిపిరి. ఇండ్లలో తామే త్రాగి చూపవలెననిరి. మఱియొక లోపము కూడ కనబడెను. ఇంటి మగవారితో నెవరును మాటాడలేదు. భర్తకు తెలియని మందును భార్య యెట్లు పోయును? అంతట బజారులలోను, మసీదులయొద్దను మగవారికిగూడ చెప్పిరి. 1990నాటికి కోటి యిరువదిలక్షలకు పైబడిన యిండ్లకు ఈ విద్య చేరెను. పరిశోధకుడు తన బుద్ధిని ఎంత శ్రమపెట్టెనో, ఈ స్త్రీలు తమ కాళ్లను అంత శ్రమపెట్టిరని మా అభిప్రాయము. పేరుమాత్రము వారికి రాలేదు.

పేరు ప్రసిద్ధమైనకొలది దానిని వాడుకొనువారును బయలుదేరుదురు. మనదేశమున చక్కెర మెండుగాగల పానీయములు కొన్ని ఓఆర్ఎస్ అను పేరుతో అంగళ్లలో అమ్ముడుపోయెను. అట్టివి విరేచనములను హెచ్చించును. దీనిపై హైదరాబాదులోని శిశువైద్యురాలు శివరంజని సంతోష్‌గారు పెక్కుసంవత్సరములు పోరాడిరి. 2025 అక్టోబరులో ఆహారభద్రతాసంస్థవారు, ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయములకు ఆ పేరు పెట్టరాదని ఉత్తరువు చేసిరి.

మన యిండ్లలో విరేచనములగుచుండగా బిడ్డకు నీరు పోయరాదను పెద్దలింకను కలరు. వారి ప్రేమను శంకింపము. ఆ మాటనుమాత్రము వినరాదు. చేతికొలతలో ఉప్పు హెచ్చినచో కీడు కలుగును గనుక, పొట్లము దొరకునపుడు పొట్లమే మేలు. దానిపై వ్రాసిన కొలత చదివి, అంత నీటిని కాచి చల్లార్చి, పొట్లమంతయు ఒకేసారి కలుపవలెను. సగము సగము కలుపరాదు. చెంచాతో కొంచెము కొంచెముగా పట్టుచు, చనుబాలును అన్నమును మానిపింపక, దినము గడచిన పిదప మిగిలినదానిని పాఱబోసి క్రొత్తది కలుపవలెను. బిడ్డ త్రాగలేక సోలిపోవుచున్నను, నెత్తురు కనబడినను, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు కొనిపోవలెను. దారిలోగూడ త్రాగగలిగినంత త్రాగించుచునే పోవలెను.