దొడ్డిలో పిట్టలు తగ్గాయా? తేల్చుకోవడం ఎలా

కోనసీమలోని అంతర్వేదిలో ఏ అరుగు మీద కూర్చుని పిట్టల మాటెత్తినా పెద్దవాళ్లు ఒకటే అంటారు: "మా చిన్నప్పుడు పిచ్చుకలు ఎన్నుండేవి! ఇప్పుడేవీ?" ఆ మాటలో బాధ ఉంది, నిజమూ ఉండొచ్చు. కానీ ఆ మాట ఒక్కటే ఆధారమైతే ఏ పిట్ట తగ్గింది, ఎప్పటి నుంచి, ఎందుకు అన్నది ఎప్పటికీ తేలదు. నిరుటికీ ఈ ఏటికీ తేడా చెప్పాలంటే రెండేళ్లూ ఒకే పద్ధతిలో చూసి ఉండాలి, చూసింది రాసి ఉండాలి.

పిచ్చుక సంగతే చూడండి. తాటాకిల్లు చూరులోనూ, పెంకుటింటి వాసాల సందుల్లోనూ అది గూడు పెట్టుకునేది. సంక్రాంతి రోజుల్లో చూరుకు కట్టిన వరికంకుల కుచ్చు దానికి తిండి. ఇల్లు డాబా అయ్యింది. నున్నటి గోడలో సందు లేదు, కుచ్చు కట్టే వాసమూ లేదు. ఆ ఇంటివారికి పిచ్చుక మాయమైనట్టే. అదే పిచ్చుక నాలుగు వీధుల అవతల రేకుల షెడ్డులోనో, కిరాణా కొట్టు బోర్డు వెనకో పిల్లల్ని పెంచుతూ ఉండొచ్చు. మన దొడ్డిలో లేకపోవడం వేరు, ఊళ్లో లేకపోవడం వేరు.

దేశం మొత్తం మీద పిచ్చుక పరిస్థితిని 2020లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక పరిశీలించింది. పాతికేళ్లకు పైబడిన కాలంలో పిచ్చుక మొత్తంగా నిలకడగానే ఉందని, హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతూ వచ్చిందని అందులో తేలింది. సెల్ టవర్లే పిచ్చుకల్ని చంపేశాయన్న ప్రచారానికి గట్టి ఆధారం దొరకలేదు. గూటికి చోటు తగ్గడం, పిల్లలకు పెట్టే పురుగులు తగ్గడం, ఈ రెండింటి మీదే అనుమానం ఎక్కువ. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది కానీ, గూట్లో పిల్లకు మొదటి రోజుల్లో పురుగులే కావాలి. మందు కొట్టిన పెరట్లో నూకలు ఎన్ని చల్లినా ఆ లోటు తీరదు.

2023లో వచ్చిన తర్వాతి నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. 30 వేల మందికి పైగా మామూలు మనుషులు రాసి పంపిన 3 కోట్ల పరిశీలనలు దానికి పునాది. దీర్ఘకాలపు ధోరణి చెప్పగలిగినవి 338 జాతులే. వాటిలో 60 శాతం తగ్గాయి. మనం దసరాకు చూసి మొక్కే పాలపిట్ట కూడా బాగా తగ్గినవాటిలో ఉంది. నెమలి, కోయిల, పావురం మాత్రం పెరిగాయి. అంటే 'పిట్టలు తగ్గాయి' అని అన్నింటినీ కలిపి చెప్పే మాట నిలవదు. పురుగుల్ని, మాంసాన్ని తిని బతికేవి ఎక్కువగా దెబ్బతిన్నాయి, పండ్లు తినేవి, తేనె తాగేవి, ఏది దొరికితే అది తినేవి అంతగా దెబ్బతినలేదు.

ఇంతమంది ఇన్ని రకాలుగా రాసిన చిట్టాల నుంచి ఇది ఎలా తేల్చారు? పిట్టల తలలు లెక్కపెట్టి కాదు. వంద చిట్టాల్లో ఒక పిట్ట పేరు ఎన్నింటిలో ఉందో చూశారు. ఇది ఇంట్లోనూ పనికొచ్చే పద్ధతి. దొడ్డిలో నెలకు ఎనిమిదిసార్లు కూర్చున్నారనుకుందాం. గోరింక ఎనిమిదిసార్లూ కనిపించి, వడ్రంగి పిట్ట మూడుసార్లు కనిపిస్తే ఆ మూడే మీ లెక్క. వచ్చే ఏడు అదే నెలలో అది ఒక్కసారికి పడిపోతే గమనించాలి, మూడో ఏడూ అలాగే ఉంటే పట్టించుకోవాలి.

కూర్చునే చోటు, వేళ మారకూడదు. పొద్దు పొడిచాక పదిహేను నిమిషాలు చాలు. ఒకే గోరింక పదిసార్లు వచ్చిపోతుంది కాబట్టి వచ్చిన ప్రతిసారీ కలుపుకోకూడదు. ఒక్కసారిగా కంటపడిన వాటిలో ఎక్కువ సంఖ్య ఎంతో అదే రాయాలి. అరుదైనవే రాసి కాకిని వదిలేయకూడదు. ఏమీ కనపడని రోజున కూడా తేదీ వేసి 'ఏమీ లేదు' అని రాయాలి. చాలామంది మానేసేది ఇదే, లెక్క చెడేదీ ఇక్కడే.

కాలం కూడా మోసం చేస్తుంది. చలికాలంలో కోయిల ఎక్కడికీ పోదు, నోరు విప్పదంతే. ఎండలు ముదిరే వేళ కూత మొదలుపెట్టగానే వచ్చిందంటాం. అందుకే మార్చి లెక్కను మార్చితోనే పోల్చాలి. కొబ్బరి దింపు రోజున తోటంతా అలజడి, ఆ పూట లెక్క పనికిరాదు. మాఘ శుద్ధ దశమి అంతర్వేది గుడిలో స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి రథం. ఆ రోజుల్లో జనసందోహానికి పిట్టలు పక్కకు తప్పుకుంటాయి. తిథి ఏటా ఇంగ్లీషు తేదీల్లో జరుగుతుంది కనుక, నిరుడు ఫిబ్రవరిలో ఇదే తేదీన ఎన్ని ఉన్నాయని పోల్చేటప్పుడు తీర్థం ఎప్పుడు పడిందో పక్కన రాసుకోవాలి.

తుపాను సంగతి ఇంకా చిక్కు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా కూల్చిందో ఇక్కడ ఎవరూ మరిచిపోరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. అలాంటి ఏడు పిట్టలు తగ్గినా ఆ ఒక్క అంకెను బట్టి దీర్ఘకాలపు నిర్ణయానికి రాకూడదు. మరో విషయమూ ఉంది. తల తెగి నిలబడిపోయిన కొబ్బరి మోడును వడ్రంగి పిట్ట తొలుస్తుంది, అది వదిలేసిన తొర్రలో చిలుకో గోరింకో చేరుతుంది. 2018లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించిన రామచిలుక సొంతంగా ఇల్లు కట్టుకోలేదు, తొర్ర ఉంటేనే దాని సంసారం. మోడు నరికేస్తే రెండేళ్ల తర్వాత చిలకలు ఎందుకు తగ్గాయో అర్థం కాదు. అయితే కుళ్లిన మొదళ్లలో కొమ్ముపురుగు పెరిగి పచ్చని చెట్ల మీద పడుతుంది, రైతు భయం న్యాయమైనదే. పడిపోయి కుళ్లేదాన్ని తీసేసి, తొర్రతో గట్టిగా నిలబడిన ఒకటీ అరా ఉంచితే ఇద్దరికీ మేలని నా అభిప్రాయం. ఏం నరికారో, ఏం కట్టారో, ఎప్పుడు మందు కొట్టారో పిట్టల లెక్క రాసే పుస్తకంలోనే ఉండాలి. లేకపోతే అంకె ఉంటుంది, కారణం ఉండదు.

లెక్కకు అన్నింటికన్నా అనువైన పిట్ట గిజిగాడు. వానలు పడ్డాక బోదెల ఒడ్డున తాటిచెట్టుకో ఈతచెట్టుకో గూడు వేలాడదీస్తుంది. మగపిట్ట వరి ఆకులూ తాటాకులూ చీల్చి అల్లుతుంది, ఆడది వచ్చి నచ్చితేనే గూడు పూర్తవుతుంది. గూళ్లు కదలవు కనుక ఎంత తీరిగ్గానైనా లెక్కపెట్టొచ్చు. పచ్చగా ఉన్నవి కొత్తగా అల్లినవి, ఎండి గోధుమ రంగు తిరిగినవి అంతకు ముందువి, రెండూ కలపకూడదు. చేను రొయ్యల చెరువైన చోట గిజిగాడికి అల్లుకునే వరి ఆకూ, తినే గింజా రెండూ పోతాయి. అదే చోట నీటికాకులూ కొంగలూ తిండి కోసం దిగుతాయి. అలాంటి పెరట్లో పిట్టల మొత్తం సంఖ్య పెరిగినట్టే కనిపించొచ్చు, ఊరి పాత పిట్ట మాత్రం పోయి ఉంటుంది. జాతి జాతికీ విడిగా రాయమనేది ఇందుకే.

ఇంత శ్రమ దేనికంటే రాబందుల కథే జవాబు. రాజస్థాన్‌లోని కేవలదేవ్ పార్కులో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ 1980ల మధ్యలో రాబందుల్ని లెక్కపెట్టారు. పదేళ్ల తర్వాత మళ్లీ అక్కడే లెక్కపెడితే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మొదటి లెక్క ఉంది కనుకే పతనం ఎంతో తెలిసింది. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశం నిషేధించింది.

కాకినాడ పక్కన కోరింగ వంటి చోట్ల జనవరి నీటిపక్షుల గణనకు నిపుణులు వస్తారు. అంతర్వేది పల్లిపాలెం దొడ్డికి ఎవరూ రారు, అక్కడ ఉండేవాళ్లే రాయాలి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' జరుగుతుంది. మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. పదిహేను నిమిషాల చిట్టాను ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే చాలు. ఫోను చేతకాని అమ్మమ్మ పేర్లు చెబితే మనవరాలు ఎక్కించొచ్చు. ఇంగ్లీషు పేరు తెలియని పిట్టకు ఫొటో ఉంటే సరిపోతుంది. ఫొటో లేకపోతే రంగు, పరిమాణం, కూత రాసి ఉంచి తర్వాత అడగొచ్చు, ఊహించి పేరు మాత్రం పెట్టకూడదు.