మన ఇంటి ఎదుటి గోడ

ఆగస్టు 15 ఉదయం మా చిన్నవాడు ఇస్త్రీ చొక్కాకు కాగితపు జెండా గుచ్చుకొని ఉత్సాహంగా బడికి వెళ్లాడు. వాడు ఏడవ తరగతి. మిఠాయి పొట్లంతో తిరిగి వచ్చేసరికి ముఖం చిన్నబోయి ఉంది. పొట్లం విప్పనే లేదు. అన్నం దగ్గర కూర్చుని మెల్లగా అడిగాడు: "నాన్నా, మనది నిజంగా ఈ దేశమేనా?"

సంగతేమిటని అడిగాము. వరుసలో పక్కన నిలబడ్డ పిల్లవాడు, "మీది దొరల మతం కదా, మీకు జెండా ఎందుకు?" అన్నాడట. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. నిన్నటిదాకా ఇద్దరూ ఒకే సైకిలు మీద తిరిగినవారే. ఎవరో పెద్దలు అన్న మాట వాడి నోట వచ్చింది, అంతే. అయినా మాకు వెంటనే జవాబు తోచలేదు. రేషను కార్డు, ఓటరు కార్డు, ఆధార్ కార్డు అన్నీ బీరువాలో ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్లవాడి మనసుకు తగిలిన దెబ్బకు కార్డులు మందు కావు కదా!

మంచం మీద కూర్చున్న వాడి నాయనమ్మే జవాబు చెప్పింది. "ఒరే అయ్యా, మన ఊరి చెరువు కట్టకు మట్టి మోసింది ఎవరనుకున్నావురా? మీ తాత, వాళ్ల నాయన. ఆ నీళ్లతో పండిన అన్నమే ఊరంతా తినేది. ఇక మనం ఎక్కడినుంచో వచ్చామంటే ఎట్లా?"

వాడు పొట్లం విప్పాడు. మేము మాత్రం ఆ ప్రశ్నను విడిచిపెట్టలేకపోయాము. ఒక దేశం మనదని అనిపించడం అంటే ఏమిటి? ఈ నెల మీతో కలిసి ఆ సంగతే ఆలోచించాలని ఉంది.

పౌలు చెప్పిన రెండు మాటలు

యెరూషలేములో సైనికులు తనను కొరడాలతో కొట్టబోతుంటే పౌలు తాను రోమా పౌరుడనని శతాధిపతికి చెప్పాడు. కొట్టబోయినవారు వెంటనే ఆయనను విడిచిపెట్టారు. అది పౌరసత్వం. అది మన హక్కు, దాన్ని అడగడం తప్పు కాదు. అయితే అదే పౌలు రోమీయులకు రాస్తూ తన స్వజనుల సంగతి వచ్చేసరికి తన హృదయంలో మానని వేదన ఉందని చెప్పుకున్నాడు. ఆ వేదన ఏ అధికారీ రాసి ఇచ్చింది కాదు. తనవారు అనుకున్నాడు గనుక వారికోసం నొచ్చుకున్నాడు. జాతీయత అనే మాటకు అసలు అర్థం అక్కడే ఉందని మాకు తోస్తుంది. పౌరసత్వం మనలను కాపాడుతుంది. జాతీయత మన భుజాల మీద కొంత బరువు పెడుతుంది.

మన పెద్దలు నడిచిన దారి

సువార్తను మన ఊళ్లకు తెచ్చినవారిలో సముద్రం దాటి వచ్చినవారు ఎందరో ఉన్నారు. దాన్ని దాచుకోనక్కరలేదు, వారి పట్ల కృతజ్ఞత విడువనక్కరలేదు. కాని తెచ్చిన విత్తనం ఏ నేలలో పడితే ఆ నేల నీరు తాగే మొలకెత్తుతుంది. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారు మన భాషలో, మన రాగాలలో కీర్తనలు కట్టారు. ఈ ఆదివారం కీర్తనల పుస్తకం విప్పి చూడండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. వాటిని మన అవ్వలు చదువు రాకపోయినా కంఠతా పాడారు.

తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీరు చేసిన త్యాగాలకు వందనాలు, అయితే మాకు మీ స్నేహం కూడా కావాలి అన్న భావంతో ధైర్యంగా మాట్లాడారు. సమానుడిగా నిలబడడం తెలిసిన మనిషి ఆయన. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయాన్ని చూసినవారికి తెలుసు. గుమ్మటాలు, గుడి మండపాలను తలపించే స్తంభాలు, అన్నీ ఈ దేశపు కట్టడాల పోలికలోనే ఉంటాయి.

రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీగారు బెంగాలీ క్రైస్తవుడు. చట్టసభల్లో మతాన్ని బట్టి అల్పసంఖ్యాకులకు స్థానాలు కేటాయించాలన్న ఏర్పాటును 1949లో విడిచిపెట్టినప్పుడు, దానికి ముందు నిలిచి మద్దతు ఇచ్చినవారిలో ఆయన ఒకరు. అప్పటికి దేశ విభజన జరిగి రెండేళ్లు కూడా నిండలేదు. మతాల మధ్య భయం ఇంకా చల్లారలేదు. అలాంటి రోజుల్లో, ప్రత్యేకమైన కంచె లేకుండా తోటివారిని నమ్మి నిలబడడం చిన్న సంగతి కాదు.

ఇంటివాడి బాధ

ఇంత చేసినా అన్నీ సరిగా జరిగాయని చెప్పలేము. షెడ్యూల్డు కులాల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతంలో ఉన్న దళితులకే వర్తించింది. దాన్ని 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించేలా సవరించారు. క్రైస్తవులైన దళితులు మాత్రం బయటే నిలిచిపోయారు. కులధ్రువీకరణ పత్రం కోసం తిరిగిన ప్రతి ఇంటికీ ఈ నొప్పి తెలుసు.

ఈ నొప్పితో ఏం చేయాలి? గుర్రం జాషువాగారిని తలచుకుందాం. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డ కవి ఆయన. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడిలో అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు తన గోడు శివునికి విన్నవించమని గబ్బిలాన్ని కాశీకి పంపుతాడు. ఆ దారి పొడుగునా ఈ నేల చరిత్రను, దీని గొప్పతనాన్ని ప్రేమతో దానికి చెబుతాడు. ప్రేమా ఉంది, కోపమూ ఉంది. బయటివాడు అలిగితే లేచి వెళ్లిపోతాడు. ఇంటివాడు అలిగితే గుమ్మంలోనే కూర్చుని న్యాయం అడుగుతాడు. అలా అడగడం కూడా దేశభక్తే.

నెహెమ్యా కన్నీరు

పరిశుద్ధ గ్రంథంలో ఈ విషయానికి నెహెమ్యాను మించిన ఉదాహరణ మాకు కనిపించలేదు. ఆయన షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగి. ఏ లోటూ లేదు. యెరూషలేము గోడలు కూలిపోయాయని, గుమ్మాలు కాలిపోయాయని విన్నప్పుడు ఆయన కూర్చుని ఏడ్చాడు. ఆ ప్రార్థనలో ఒక మాట గమనించండి. 'వాళ్లు పాపం చేశారు' అనలేదు. తాను, తన తండ్రి ఇంటివారు కూడా పాపం చేశామని ఒప్పుకున్నాడు. దేశపు గొప్పలు చెప్పుకోవడం అందరికీ సులువే. దేశపు తప్పులో 'మేము' అని చేరడమే కష్టం.

మూడవ అధ్యాయం చదివితే పేర్ల పట్టికలా ఉంటుంది. చాలామంది దాటేస్తారు. కాని అక్కడ కంసాలులు ఉన్నారు, పరిమళద్రవ్యాలు చేసేవారు ఉన్నారు, షల్లూము అనే అధికారి కుమార్తెలు ఉన్నారు. చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడను వారు బాగుచేశారు. తెకోవీయుల పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదని కూడా గ్రంథం రాసిపెట్టింది. అయిదవ అధ్యాయంలో మరో సంగతి ఉంది. గోడ లేస్తుండగానే పేదలు మొరపెట్టారు. సొంత సహోదరులే అప్పుల కింద తమ పొలాలు, పిల్లలను పట్టుకుంటున్నారని ఏడ్చారు. నెహెమ్యా కోపించి, పట్టుకున్నవి తిరిగి ఇప్పించాడు. గోడ ఎంత ఎత్తు లేచినా లోపల సహోదరత్వం లేకపోతే అది పట్టణం కాదని ఆయనకు తెలుసు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్‌గారు చేసిన హెచ్చరిక కూడా ఇదే దారిలోది. వేల కులాలుగా చీలిపోయినవారు ఒక జాతి ఎలా అవుతారని ఆయన అడిగారు.

మన వాటా

మన పిల్లలు బడిలో రోజూ చేసే ప్రతిజ్ఞను మొదట తెలుగులోనే రాశారు. నల్గొండ జిల్లాలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ దాన్ని రాశారు. భారతీయులందరినీ సహోదరులుగా ఎంచుకోవడం దాని సారం. మన సంఘాల్లో ఆ మాట నిజమేనా? మాల, మాదిగ అని వేరువేరు బల్లలు, వేరువేరు సమాధుల దొడ్లు ఉన్నచోట, దేశం మనలను దూరం పెట్టిందని ఏ ముఖం పెట్టుకొని చెబుతాము? మన ఇంటి ఎదుటి గోడ అదే. ముందు దాన్ని కట్టుకుందాం. గ్రామసభకు వెళదాం. ఓటును అమ్ముకోకుండా ఉందాం. పక్కింటివారి కష్టంలో మతం అడగకుండా నిలబడదాం.

ఆ సంవత్సరమే కార్తీకంలో తుపాను పట్టింది. రాత్రి చెరువు కట్టకు గండి పడబోతుందని దండోరా వేశారు. ఊరు ఊరంతా, పల్లె పల్లెంతా కదిలింది. మేము ఇసుక బస్తాలు మోస్తుండగా లాంతరు పట్టుకుని మావాడూ వచ్చాడు. ఇంటికి పొమ్మంటే పోలేదు. కట్ట మీద లాంతరు వెలుగులో వాడి పక్కన మరో పిల్లవాడు కనిపించాడు. ఆ సైకిలు స్నేహితుడే. ఇద్దరూ ఒక్క బస్తాను చెరో కొసా పట్టి లాగుతున్నారు.

తెల్లవారేసరికి కట్ట నిలిచింది. ఇంటికి వచ్చి బురద కాళ్లు కడుక్కుంటూ వాడు నాయనమ్మతో అన్నాడు: "అవ్వా, నేను కూడా మట్టి మోశాను."