చంద్రుని మీదుగా రేడియో పిలుపు: ట్రాన్స్‌వర్టర్ ఎంపిక, శీతలీకరణ

భూమిపై ఒకచోటి నుండి పంపిన రేడియో తరంగం చంద్రుని తాకి, తిరిగి భూమిపై మరొకచోట వినిపించడాన్ని హామ్ రేడియో ఔత్సాహికులు ‘మూన్ బౌన్స్’ అని పిలుస్తారు. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నందున తరంగం పోయి రావడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. 1946 జనవరి 10న అమెరికా సైన్యపు ఇంజనీర్లు న్యూజెర్సీలో ఈ ప్రతిధ్వనిని తొలిసారిగా పట్టుకున్నారు. మరుసటి నెలలోనే హంగేరీలో జోల్తాన్ బాయ్ బృందం కూడా దానిని సాధించింది. 1964లో అమెరికా, ఫిన్లాండ్ ఔత్సాహికులు 144 మెగాహెర్ట్జ్‌పై చంద్రుని మీదుగా సంకేతాలు ఇచ్చిపుచ్చుకున్నారు.

ఈ ప్రయాణంలో శక్తి నష్టం సుమారు 250 డెసిబెల్స్. శక్తి పదో వంతుకు తగ్గితే 10 డెసిబెల్స్ నష్టమన్నమాట. ఇక్కడ అట్టి తగ్గుదల ఇరవై అయిదుసార్లు జరుగుతుంది. పూర్వం ఇందుకు నాలుగైదు పెద్ద యాంటెన్నాలు, కిలోవాట్ శక్తి కావలసి వచ్చేవి. 1993లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న జోసెఫ్ టేలర్ రూపొందించిన కంప్యూటర్ సంకేత విధానాల వలన, ఒక్క యాగీ యాంటెన్నా, నూరు నూటయాభై వాట్లు గలవారు సైతం పెద్ద కేంద్రాలతో సంభాషించగలుగుతున్నారు. అయితే అందుకు తగిన పరికరం చవకైనది కాదు. కుటుంబం కూడబెట్టిన సొమ్ము ఒక్క వేసవి మధ్యాహ్నంలో కాలిపోకుండా ఉండాలంటే కొన్ని విషయాలు ముందే తెలిసి ఉండాలి.

ఎంపికలో చూడవలసినవి

సాధారణ హామ్ సెట్టులోని 28 మెగాహెర్ట్జ్ సంకేతానికి 116 మెగాహెర్ట్జ్ కలిపి 144గా మార్చేది ట్రాన్స్‌వర్టర్. వినేటప్పుడు అదే పని తిరగబడి జరుగుతుంది.

మొదటిది స్థిరత్వం. 116 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ పది లక్షల్లో ఒక వంతు జరిగినా 116 హెర్ట్జ్ తేడా వస్తుంది. డిజిటల్ విధానాలకు ఒక నిమిషంలో కొద్ది హెర్ట్జ్‌ల కదలికే ఎక్కువ. అందువలన ఉష్ణోగ్రతను నియంత్రించే క్రిస్టల్ గానీ, బయటి నుండి 10 మెగాహెర్ట్జ్ ప్రమాణ సంకేతాన్ని తీసుకునే ఏర్పాటు గానీ ఉన్నదానినే తీసుకోవడం మేలు.

రెండవది వినికిడి. 144 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశపు గోలే అధికం. కనుక నాయిజ్ ఫిగర్ అర డెసిబెల్ కన్నా తగ్గించినందువలన పెద్ద ప్రయోజనం లేదు. ఆ డబ్బుతో యాంటెన్నా చెంతనే స్తంభంపై ప్రీయాంప్లిఫయర్ అమర్చుకుంటే, కేబుల్ నష్టం వినికిడిని దెబ్బతీయదు. ప్రసార సమయంలో రిలే ముందుగా దానిని తప్పించి, ఆ తరువాతనే శక్తి వెలువడే క్రమం తప్పనిసరి.

మూడవది ప్రవేశ శక్తి. అనేక ట్రాన్స్‌వర్టర్లు కోరేది మిల్లీవాట్లు మాత్రమే. నూరు వాట్ల సెట్టును నేరుగా తగిలిస్తే క్షణంలో మిక్సర్ మాడిపోతుంది. సెట్టులో ట్రాన్స్‌వర్టర్ కొరకు ప్రత్యేక ద్వారం ఉన్నదో లేదో కొనక ముందే చూసుకోవాలి.

వేడి లెక్క

మాటల ప్రసారంలో యంత్రానికి నడుమ నడుమ విశ్రాంతి దొరుకుతుంది. చంద్రుని వైపు పంపే డిజిటల్ ప్రసారంలో ఒక నిమిషం విడిచి మరొక నిమిషం, సుమారు 47 సెకన్లు పూర్తి శక్తి ఆగకుండా వెలువడుతుంది.

ఉదాహరణకు 13.8 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకునే యంత్రం 69 వాట్లు వాడుతుంది. అందులో 25 వాట్లు యాంటెన్నాకు పోతే మిగిలిన 44 వాట్లు వేడిగా మారతాయి. ఫ్యాను లేని హీట్ సింక్ వాట్‌కు 1.5 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందనుకుంటే, ఎడతెగక ప్రసారం చేసినప్పుడు పెరుగుదల 66 డిగ్రీలు. బయట 45 డిగ్రీల ఎండ ఉంటే మొత్తం 111. ఫ్యాను గాలితో ఆ విలువ 0.5కు తగ్గితే పెరుగుదల 22, మొత్తం 67. ట్రాన్సిస్టర్ లోపలి వేడి దీనికి అదనం. నడుమ విరామం ఉన్నందున అసలు వేడి కొంత తక్కువే అయినా, ఎడతెగని ప్రసారానికి లెక్క వేసుకోవడమే క్షేమం.

హీట్ సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి. థర్మల్ పేస్టు పలుచగానే పూయాలి. ఫ్యాను ఆగి ఆగి తిరిగితే ఆసిలేటర్ వేడి మారి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది కాబట్టి అది నిరంతరం తిరగాలి. దాని గాలి ఆసిలేటర్‌పై నేరుగా తగలరాదు. అరగంట ముందే యంత్రాన్ని వెలిగించి ఉంచాలి.

ఊరిని బట్టి జాగ్రత్త

బళ్ళారి, రాయచూరు వైపు దుమ్ము రెక్కల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటుంది. బ్రష్‌తో తరచు దులపాలి. యానాం వంటి తీర ప్రాంతాలలో ఉప్పు గాలి బోర్డులను తినివేస్తుంది. అక్కడ పెట్టెను గట్టిగా మూసి, రెక్కలను మాత్రమే బయటకు ఉంచి, లోపల తేమను పీల్చే సిలికా జెల్ సంచి వేయడం మంచిది. రేకుల కప్పు కింద, మేడపై ఎండలో యంత్రాన్ని ఎక్కడా ఉంచరాదు.

కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి పత్రం లేకుండా ప్రసారం చేయడం నేరం. శక్తి పరిమితులు కూడా ఆ పత్రానికి లోబడే ఉండాలి. 2004 డిసెంబరు సునామీ వేళ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్ భారతీ ప్రసాద్ బృందం తమ సెట్లతో అండమాన్ సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించింది. చంద్రుని ప్రతిధ్వని ఆపద వేళ వాడే మార్గం కాదు. అయితే గంటల తరబడి పనిచేసినా యంత్రం చెడకుండా నడిపే నేర్పు మాత్రం తుఫాను రాత్రి కూడా అక్కరకు వస్తుంది.