రాత్రివేళ పన్ను ఊడితే?

పిల్లలూ! పంటినొప్పికి పగలూ రాత్రీ అనే భేదం లేదు. దంతవైద్యుడి గదికి మాత్రం రాత్రి తాళం పడుతుంది. అందుచేత ఏది తెల్లవారేదాకా ఆగుతుందో, ఏది ఆగదో మనం తెలుసుకుని ఉండడం మంచిది.

చీకటి పడేవేళ గోదావరి గట్టున ఆడుకుంటూ ఒక కుర్రవాడు బోర్లా పడ్డాడనుకోండి. ముందరి పన్ను వేరుతో సహా ఊడివచ్చింది. అది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. లోపల పెరుగుతున్న కొత్తపంటికి హాని కలుగుతుంది. నెత్తురు ఆగిపోతే తెల్లవారి వైద్యుడికి చూపించవచ్చు. కాని ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల ముందరిపళ్ళు సాధారణంగా స్థిరదంతాలు. అవి పోతే మళ్ళీ రావు. అయినా ఊడిన పన్నును బతికించవచ్చు!

ఎలాగంటారా? పంటివేరును సన్నని పొర ఒకటి అంటుకుని ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. పన్ను ఎండితే ఆ పొరలోని జీవకణాలు గంటలోపల చచ్చిపోతాయి. కనుక వేరును ముట్టుకోక, కొరికే కొసనే పట్టుకోవాలి. మట్టి అంటితే చన్నీళ్ళధార కింద ఒక్క క్షణం కడగాలి. తోమరాదు, తుడవరాదు. పెద్దవాళ్ళు వెంటనే దాన్ని దాని గుంటలోనే నిలిపి, శుభ్రమైన గుడ్డ మెల్లగా కరిచి పట్టమనాలి.

అది చేతకాకపోతే పన్నును చల్లని పాలలో వెయ్యండి. పాలలో ఆ కణాలు కొన్ని గంటలు బతుకుతాయి. మంచినీళ్ళలో నానవేస్తే ఉబ్బి పగిలిపోతాయి. “మా కోనసీమలో కొబ్బరినీళ్ళకు కొదవా?” అంటారేమో! శాస్త్రజ్ఞులు వాటినీ పరీక్షించారు. వాటిలో కొంచెం ఆమ్లగుణం ఉన్నది గనుక పాలే మేలు.

ఇక ఎక్కడికి వెళ్ళాలి? రాజమండ్రి దగ్గర రాజానగరంలోనూ, భీమవరంలోనూ దంతవైద్య కళాశాలలున్నాయి. కాకినాడలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉన్నది. రాత్రివేళ దంతవైద్యుడు ఉంటారో లేదో ముందు ఫోనుచేసి అడగాలి. సఖినేటిపల్లివారు నరసాపురం పోవాలంటే, పంటు కట్టేసిన తరవాత చించినాడ వంతెనమీదుగా చుట్టు తిరగాలి. గిన్నెడు పాల విలువ అప్పుడు తెలుస్తుంది!

పుచ్చుపంటి నొప్పి సంగతి వేరు. పంటిలోపల నెత్తురూ నరమూ ఉన్న మెత్తని గుజ్జు ఉన్నది. పుచ్చు అక్కడికి చేరితే అది వాచి, చుట్టూ ఉన్న గట్టి గోడలమధ్య నలుగుతుంది. పడుకుంటే తలకు నెత్తురు ఎక్కువగా చేరి నొప్పి హెచ్చుతుంది. తలగడ ఎత్తుగా పెట్టుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే కొంత ఉపశమనం. లవంగనూనె కాసేపు తిమ్మిరి ఎక్కిస్తుంది, కాని చిగుళ్ళను కాలుస్తుంది. చిన్నపిల్లలు మింగితే ప్రమాదం. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నొప్పి తగ్గినా పుచ్చు పోదు గనుక ఉదయమే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

అయితే బుగ్గవాపుతో జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడమో ఊపిరి పీల్చడమో కష్టమైనా, నెత్తురు ఆగకపోయినా తెల్లవారేదాకా ఆగరాదు. దంతవైద్యుడికోసం వెతుకుతూ కాలం గడపక, ఏ ఆసుపత్రి అత్యవసర విభాగానికైనా పరుగెత్తాలి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 బండి ఇలాంటివేళలకే ఉన్నది.

దగ్గరి ఆసుపత్రి ఫోను నెంబరు ఇవాళే అమ్మచేత గోడకేలెండరుమీద రాయించండి. అవసరం రాకపోతే మరీ మంచిది!